బిగించని చక్రం

మల్కాపురంలో చక్రాల పనికీ బ్రేకుల పనికీ దేవదానాన్ని మించినవాడు లేడని చెప్పుకునే రోజులు ఉండేవి. ఇప్పుడా మాట ఎవరైనా అంటే నవ్వుతారు, లేదా మొహం పక్కకు తిప్పుకుంటారు. లోకాన్ని తప్పుపట్టి లాభం లేదు. ఒక మనిషి చేతిమీదుగా వెళ్ళిన బండ్లు ఏళ్ళ తరబడి క్షేమంగా ఇళ్ళకు చేరితే వాటి గురించి చెప్పుకోవడానికి ఏముంటుంది? చేరని బండి ఒక్కటుంటే చాలు, ఊరంతా దాని గురించే చెప్పుకుంటుంది. దేవదానం బతుకులో అలాంటి బండి ఒక్కటే ఉంది. దాని కథ చెప్పాలంటే ముందు ఆయన పనితనం ఎలాంటిదో చెప్పాలి.

రిఫైనరీకి వెళ్ళే రోడ్డు పక్కన సన్యాసిరాజు షెడ్డు ఉండేది. పైన రేకులు, కింద నూనె తాగి నల్లబడ్డ నేల. ఇంజను మేస్త్రీలకు అక్కడ బల్లలుండేవి, వాళ్ళ దర్జా వాళ్ళకుండేది. దేవదానం మాత్రం గోనెపట్టా పరుచుకుని నేలమీదే కూర్చునేవాడు. చక్రాల పనంటే ఇంజను వాళ్ళకు చిన్నచూపు. టీ తాగేటప్పుడు ఆటపట్టించేవారు కూడా. ఆయన కోపం తెచ్చుకునేవాడు కాదు.

"ఇంజను సెడితే బండి ఆగిపోద్ది. బ్రేకు సెడితే ఆగదు. రెంటిలో దేనికి బయపడాలో మీరే సెప్పండి," అనేవాడు. అని మళ్ళీ బ్రేకు డ్రమ్ము మీదకు వంగేవాడు.

మాటలు తక్కువ మనిషి. పనిలో మాత్రం మహా చాదస్తం. బ్రేకు సిలిండరులో ఉండే రబ్బరు బుడిపెలను కిరసనాయిలుతో కడిగారంటే ఆ కడిగినవాడితో వారం రోజులు మాట్లాడేవాడు కాదు. కిరసనాయిలు తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది, ఉబ్బిన రబ్బరు ఏ పల్లంలోనో బ్రేకు పట్టనివ్వదు. చక్రం నట్లు వరసగా బిగించకూడదు, ఒకటి బిగిస్తే దాని ఎదురుగా ఉన్నది బిగించాలి. బిగించాక బండి కొంచెం దూరం తిరిగి రావాలి, వచ్చాక మళ్ళీ పానా వెయ్యాలి. తిరిగి రాకుండా చెక్కేసిన డ్రైవరు తర్వాత ఎప్పుడు కనబడినా నలుగురిలో కడిగేసేవాడు. హార్బరు నుంచి చేపలు మోసే వ్యానులు వస్తే ముందు మంచినీళ్ళతో చక్రాలు కడిగించేవాడు, ఆ ఐసు కరిగిన ఉప్పునీళ్ళు డ్రమ్ముల్లోకి కారి తుప్పు పట్టిస్తాయని. అరిగిపోయిన టైర్లకు కత్తి కాల్చి గీతలు గీయించుకునే వాళ్ళుండేవారు, కొత్తవాటిలా కనబడాలని. ఆ పని మాత్రం చచ్చినా చేసేవాడు కాదు.

"గీతలు గీసినంతలో రబ్బరు పుట్టుకొస్తాదేటి? నాను గియ్యను. ఇంకో సోటికి ఎల్లండి," అనేవాడు.

అంత చాదస్తుడికి ఒక అలవాటు ఉండేది. కథంతా ఆ అలవాటులోనే ఉంది కనుక జాగ్రత్తగా చెబుతాను. అంబాసిడరు కార్ల చక్రాలకు మధ్యలో మెరిసే కప్పు ఒకటి ఉంటుంది, నట్ల మీద మూతలాగా. వీల్ కప్పు అంటారు. ఏ చక్రం పనైనా సగంలో ఉంటే దేవదానం ఆ చక్రం కప్పును తీసుకెళ్ళి డ్రైవరు సీటు మీద పెట్టేవాడు. కప్పు సీటు మీద ఉందంటే ఆ బండి కదపకూడదు. అంతే, ఇంక నోటితో చెప్పేది లేదు. మల్కాపురంలో టాక్సీ నడిపే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. కొత్తగా వచ్చినవాడు ఎవడైనా కప్పు పక్కన పెట్టి స్టీరింగు పట్టుకుంటే పక్కనున్న వాళ్ళే కిందకు లాగేసేవారు.

అర్జునరావు ఆ టాక్సీ వాళ్ళలో ఒకడు. భీమిలి పక్క పల్లెలో వ్యవసాయం వదిలేసి వచ్చి, ఇక్కడ డ్రైవరుగా కుదురుకుని, చివరికి పాత అంబాసిడరు ఒకటి సొంతం చేసుకున్నాడు. నోరు తెరిస్తే నవ్వే మనిషి. దేవదానాన్ని బావా అని పిలిచేవాడు, అతని భార్య తాయారు ఆ లెక్కన అన్నయ్యా అనేది. మతాలు వేరైనా పిలుపుల్లో ఆ తేడా ఎవరికీ గుర్తుండేది కాదు. క్రిస్మస్‌కి దేవదానం ఇంటి నుంచి వాళ్ళింటికి అరిసెలు వెళ్ళేవి. దసరాకి వాళ్ళింటి నుంచి పులిహోర వచ్చేది.

తాయారుకు ఆ కారంటే ప్రాణం. ప్రతి దసరాకీ చింతపండు తెచ్చుకుని, ఇంట్లో ఇత్తడి బిందెలు తోమినట్టు ఆ నాలుగు వీల్ కప్పులనూ తోమేది. "ఇది టాక్సీ కాదురా, తాయారు పూజసామాను," అని స్టాండులో వాళ్ళు వెక్కిరించేవారు. ఆమె నవ్వి ఇంకో గుప్పెడు చింతపండు తీసేది.

షెడ్డులో దసరా అంటే ఆయుధపూజ. పానాలు, సుత్తులు, జాకీలు అన్నీ కడిగి, బొట్లు పెట్టి, అమ్మవారి పటం ముందు పేర్చేవారు. ఒకసారి పూజలో పెట్టాక మర్నాటి దాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు. చుట్టుపక్కల టాక్సీలన్నీ కడుక్కుని, బంతిపూల దండలు వేసుకుని షెడ్డు ముందు వరసగా నిలబడేవి. పూజ అయ్యాక చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బండి నడిపి చితకతొక్కించి, గుడికి వెళ్ళొచ్చేవారు. దేవదానం చర్చి మనిషి కాబట్టి ఆ మధ్యాహ్నం పని ముగించుకుని, చేతులు కడుక్కుని ఇంటికి వెళ్ళిపోయేవాడు. ఆయన్ని ఎవరూ ఉండమనేవారు కాదు, ఎందుకు వెళ్తున్నావనీ అడిగేవారు కాదు. అది వాళ్ళ మధ్య కుదిరిపోయిన మర్యాద.

డెబ్బయ్యెనిమిదో సంవత్సరం దసరాకు సరిగ్గా పండగ పొద్దున్నే అర్జునరావు కారు తీసుకొచ్చాడు. ఎడమ వెనక చక్రం బ్రేకు పట్టడం లేదన్నాడు. దేవదానం విప్పి చూశాడు. లోపల నూనెను ఆపే సీలు చిరిగి, ఇరుసు నూనె కారి, బ్రేకు లైనర్లన్నీ తడిసిపోయి ఉన్నాయి. కొత్త సీలు వెయ్యనిదే లాభం లేదు. సీలు కొందామంటే పండగపూట కొట్లన్నీ మూసేసి ఉన్నాయి.

"రేపటికి గాని అవ్వదు. బండిని రాళ్ళ మీద ఎక్కించి ఉంచీస్తాను," అన్నాడు దేవదానం.

అర్జునరావు మొహం చిన్నబోయింది. "మూడు చక్రాల బండికి పూజేటి బావా? ఊరి బండ్లన్నీ దండలేసుకుని నిలబడితే నాది కుంటిదానిలాగ రాళ్ళ మీద నిలబడాలేటి? చక్రమెట్టీసి కిందకు దించు. కదపనులే."

దేవదానం ఒప్పుకోకూడదు. ఇంకెవరైనా అడిగితే ఒప్పుకునేవాడూ కాదు. కానీ పండగ, పైగా బావా అని పిలిచేవాడు. చక్రం ఎలాగూ మర్నాడు మళ్ళీ విప్పాల్సిందే కదా అని, నట్లు వేళ్ళతో తిప్పి వదిలేశాడు. జాకీ దించాడు. అప్పటికే ఇంజను మేస్త్రీలు పానాలూ జాకీలూ కడగడానికి పట్టుకుపోతున్నారు. కప్పు తీసుకెళ్ళి డ్రైవరు సీటు మీద పెట్టాడు. ఎప్పుడూ పెట్టేచోటే, ఎప్పుడూ పెట్టినట్టే. అప్పటికి అర్జునరావు తలంటుకోవడానికి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఇంటికి పోతూ దేవదానం దారిలో మళ్ళీ అర్జునరావుకు ఎదురుపడ్డాడు. కొత్త చొక్కా, చేతిలో కొబ్బరికాయలూ నిమ్మకాయలూ ఉన్న సంచి. మొహం వెలిగిపోతోంది. 'నట్లు బిగించలేదు, చక్రం ఊడుద్ది, జాగ్రత్త' అని చెబుదామని దేవదానానికి నాలుక చివరిదాకా వచ్చింది. పూజకు వెళ్తున్నవాడి ముందు ఆ మాట అనడమెలా? తన మతంలో శకునాలు లేవు. కానీ వాళ్ళకున్నాయి. పండగపూట, పరాయి మతంవాడు, నీ బండి చక్రం ఊడుతుందని అంటే ఏం బాగుంటుంది? కప్పు సీటు మీద ఉంది కదా అనుకున్నాడు.

"పండగ బాగా సేసుకో బావా," అని మాత్రం అన్నాడు.

చాలామంది పాపాలు చేసి బాధపడతారు. ఈ మనిషి మర్యాద చేసి బాధపడ్డాడు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. తాయారు చింతపండు గిన్నె పట్టుకుని షెడ్డుకు వచ్చింది. మూడు కప్పులు చక్రాలకే ఉన్నాయి, నాలుగోది సీటు మీద ఉంది. తను తోముతుందని తెలిసి అన్నయ్య విప్పి పెట్టాడనుకుంది. డ్రైవర్ల గుర్తులు ఆడవాళ్ళకు ఎవరు చెప్పారు గనుక? శుభ్రంగా తోమి, కొంగుతో తుడిచి, తీసుకెళ్ళి చక్రానికి పెట్టి పిడికిలితో గుద్దింది. అర్జునరావు వచ్చేసరికి నాలుగు కప్పులూ తళతళలాడుతున్నాయి. సీటు మీద ఏమీ లేదు. 'ఎలాగో సీలు సంపాదించి పని ముగించేశాడు బావ, చెప్పలేదు చూడు,' అని మురిసిపోయాడట.

నిమ్మకాయలు తొక్కించారు. భార్యను ఎక్కించుకుని ఊళ్ళో గుడికి బయల్దేరాడు. వాళ్ళ చిన్నపిల్ల నిద్రపోతోందని పక్కింట్లో వదిలారు. దారిలో వెనక నుంచి గలగలమని చప్పుడు మొదలైంది. అవి ఊడిన నట్లు, కప్పులో పడి దొర్లుతున్నాయి. "పండగపూట మన బండి కూడా గజ్జెలు కట్టినాదే," అని అర్జునరావు నవ్వాడు. సింధియా జంక్షను దాటాక రోడ్డు పల్లంలోకి దిగే చోట వెనక చక్రం విడిపోయి కారును దాటుకుని ముందుకు వెళ్ళిపోయింది. కారు అడ్డం తిరిగింది. ఎదురుగా లారీ వస్తోంది.

తాయారుకు చెయ్యి విరిగింది. అర్జునరావు ఆసుపత్రి దాకా కూడా రాలేదు.

కబురు తెలిసి దేవదానం చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. ఆయన చూసింది ముందు ఇరుసునే. బోల్టుల మరలు ఒక్కటీ చెడలేదు, ఒక్క బోల్టూ విరగలేదు. విరిగితే లోపం ఇనుముదని చెప్పుకోవచ్చు. పక్క కాలవలో చక్రం దొరికింది, దానికి కొంచెం దూరంలో కప్పు. ఎత్తి చూశాడు. అంచు లోపల చింతపండు పీచు ఇరుక్కుని ఉంది. ఆయనకు అక్కడే, ఆ క్షణంలోనే అంతా అర్థమైపోయింది. ఆ పీచును గోటితో తీసి పారేశాడు. ఎందుకు పారేశాడో అప్పటికి ఆయనకే తెలియదు.

పోలీసులు దేవదానాన్ని పట్టుకెళ్ళారు. సన్యాసిరాజు వచ్చి బెయిలు ఇప్పించాడు గానీ, రేపటి నుంచి షెడ్డుకు రావద్దని కూడా అప్పుడే చెప్పేశాడు. పూజంటే గిట్టక కావాలనే వదిలేశాడని కొందరు గుసగుసలాడారు. ఏళ్ళ తరబడి ఆయన చేతి బ్రేకుల మీద ప్రాణాలు పెట్టుకుని తిరిగిన వాళ్ళే ఆ మాట అన్నారు. సన్యాసిరాజు ఆ మాట అనలేదు, కాదనీ అనలేదు.

చర్చివాళ్ళు కుదిర్చిన ప్లీడరు తెలివైనవాడు. కప్పు సంగతి విని కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. కప్పు సీటు మీద ఉంటే బండి కదపకూడదన్నది అందరికీ తెలిసిన పద్ధతే అని నలుగురు డ్రైవర్లు చెబితే చాలు, దాన్ని తీసి చక్రానికి పెట్టింది తనేనని తాయారు చేత చెప్పిస్తే ఇంక కేసే లేదన్నాడు. డ్రైవర్లు సాక్ష్యానికి సిద్ధంగానే ఉన్నారు. ఇంక మిగిలింది తాయారు. దేవదానం జైలుకు వెళ్ళకూడదంటే, మొగుడు చావడానికి తన చెయ్యే కారణమని ఆమె నలుగురిలో ఒప్పుకోవాలి. ఒప్పుకోవాలంటే ముందు ఆ సంగతి ఆమెకు తెలియాలి.

దేవదానం భార్య జయమణి మిషను బడిలో ఆయా. మొగుడి కంటే గట్టి మనిషి. "రేపెల్లి ఆ పిల్లతో మాటాడండి. ఉన్నదున్నట్టు సెప్పమనండి. అది నిజమే కదా, మనం కల్పించింది కాదు కదా," అంది. ఆయన తలూపాడు. వెళ్ళలేదు. ఆ మర్నాడూ తలూపాడు. చివరికి తాయారే వచ్చింది.

వాయిదా దగ్గరపడ్డ ఒక సాయంత్రం, కట్టుకట్టిన చెయ్యి మెడకు వేలాడుతూ, బొట్టులేని మొహంతో గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అన్నయ్యా, ఒక్క మాట అడుగుదారని వచ్చినాను. ఆ కప్పు సీటు మీద ఎందుకున్నాది?"

దేవదానం లేచి గుమ్మం దగ్గరకు వచ్చాడు.

"స్టాండులో వాళ్ళు ఏదో అనుకుంటన్నారు. నన్ను సూస్తే మానేస్తన్నారు. నువ్వు గుర్తుకోసం పెడతావంట. పని అవ్వనేదంటే సీటు మీద పెడతావంట. నిజమేనేటి?"

ఆమె కళ్ళు ఆయన నోటి మీదే ఉన్నాయి. దేవదానం అబద్ధమాడే మనిషి కాదు. మంచితనం వల్లనే అని కూడా కాదు, అలవాటు లేక. ఆయనకు ఆ పూట దొరికిన అబద్ధం చాలా చిన్నది.

"గుర్తూ లేదు ఏటీ లేదమ్మా. ఆ కప్పుకి సొట్ట పడ్డాది. కొట్టి సరిసేద్దారని సీటు మీద పడేసినాను. నట్లు బిగించడం మరిసిపోయినాను. పండగ తొందరలో మరిసిపోయినాను. తప్పు నాదే."

తాయారు తన అరచేతి వైపు చూసుకుంది. తర్వాత ఒక్కసారిగా గొంతెత్తింది. "నీ సేతులు పడిపోను. నీ కళ్ళు పోను. నీ మీద నమ్మకంతో బండి ఎక్కినాడురా నా మొగుడు. నీ ఇంట్లో ఏడుపు తప్ప ఇంకోటి ఉండకుండా పోను." వీధివాళ్ళంతా బయటకు వచ్చారు. దేవదానం తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె తిట్టి తిట్టి, గొంతు పోయాక, కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది.

జయమణి తలుపు వెనకే ఉంది. అంతా వింది.

"ప్రార్థన సేసిన నోటితోనే అబద్దమాడినారు," అంది.

"మరేటి సెప్పమంటావు? నీ మొగుడ్ని నువ్వే సంపుకున్నావనా?"

"అయితే నా పిల్లలకి నాను ఏటి సెప్పాల?"

దేవదానం పెరట్లోకి నడిచాడు. ఒక్కటి మాత్రం ఆయన్ను లోపల తొలిచేది. తను ఆడింది పూర్తిగా అబద్ధమేనా? రాళ్ళ మీద ఉంచాల్సిన బండిని కిందకు దించింది తనే. దారిలో ఎదురుపడ్డ మనిషికి నోరు తెరిచి చెప్పనిదీ తనే. చేత్తో కప్పు పెట్టేసి నోటి పని అయిపోయిందనుకున్నాడు. ఆ లెక్కన తాయారు తిట్టిన తిట్లలో సగానికి తను తగినవాడే. ఏ సగమో తేల్చుకోలేక ఆ మనిషి నలిగిపోయాడు.

కోర్టులో నేరం ఒప్పుకుంటున్నావా అని అడిగితే ఒప్పుకుంటున్నానన్నాడు. ప్లీడరు కాగితాలు విసురుగా కట్టేసుకున్నాడు. డ్రైవర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ తర్వాత వాళ్ళూ ఆ గుర్తు సంగతి మాట్లాడడం మానేశారు. ఒప్పుకున్నవాడి తరఫున వాదించడానికి ఎవరికి పట్టింది?

జైలు నుంచి వచ్చాక ఆయన చేతికి చక్రం ఇచ్చిన షెడ్డు లేదు. కంచరపాలెం దాకా తిరిగాడు. స్టీలు ప్లాంటు పనులు ఊపందుకుని, మట్టి లారీలు పగలూ రాత్రీ తిరుగుతూ, బ్రేకుల పని తెలిసినవాడి కోసం షెడ్లన్నీ వెతుక్కుంటున్న రోజులవి. అయినా పేరు చెప్పగానే తలుపులు మూసేవారు. చివరికి ఫిషింగ్ హార్బరులో, ఐసు ఫ్యాక్టరీ నుంచి ఐసుదిమ్మలు తోపుడు బండి మీద బోట్ల దగ్గరకు చేర్చే పని దొరికింది. తెల్లవారక ముందే మొదలయ్యే పని. వేళ్ళు మొద్దుబారిపోయేవి. బ్రేకు డ్రమ్ము మీద అరచెయ్యి తిప్పి లోపలి గీతలు చెప్పగలిగిన చేతులు ఐసు నెట్టడానికి అలవాటుపడ్డాయి.

అక్కడే రొయ్యలు ఒలిచే షెడ్డులో తాయారు కూడా పనికి కుదిరింది. పిల్లను పెంచుకోవాలి కదా. దేవదానం ఐసుబండి ఆ షెడ్డు ముందు నుంచే వెళ్ళాలి, వేరే దారి లేదు. మొదటిరోజు ఆయన్ని చూడగానే ఆమె లేచి నిలబడి తిట్టింది. రెండోరోజూ తిట్టింది. తర్వాత అది రోజువారీ అయిపోయింది. ఆయన బండి చప్పుడు వినబడితే చాలు, చేతులు రొయ్యల్లోనే ఉంచి నోరు విప్పేది. పక్కనున్న ఆడవాళ్ళు మొదట్లో జాలిపడి ఆమెకు వంతపాడేవారు, తర్వాత విసుక్కునేవారు, ఆఖరికి ఆ తిట్లు వినకపోతే పొద్దు పొడిచినట్టు ఉండదన్నంతగా అలవాటుపడ్డారు. దేవదానం ఎప్పుడూ తలెత్తేవాడు కాదు, బండి వేగంగా తోసేవాడూ కాదు. ఆమె పూర్తి చేసేదాకా నింపాదిగా నడిచేవాడు. ఆమెకు తిట్టే బలం ఉన్నంతకాలం తన అబద్ధం నిలబడి ఉన్నట్టే అని ఆయన లెక్క. ఆ తిట్లు ఆయనకు నొప్పెట్టేవి, ధైర్యాన్నీ ఇచ్చేవి. ఏళ్ళు అలాగే గడిచాయి.

ఒకరోజు ఆయన చద్దిమూట మరచిపోతే పెద్దకొడుకు తీసుకుని హార్బరుకు వచ్చాడు. తండ్రి తలవంచుకుని నడవడం, షెడ్డులోంచి ఆ తిట్లు, ఆడవాళ్ళు నవ్వుకోవడం అన్నీ చూశాడు. మూట అక్కడే పెట్టి ఇంటికి వెళ్ళిపోయి తల్లిని అడిగాడు, నాన్న నిజంగానే చంపేశాడా అని. జయమణి అన్నేళ్ళూ నోరు కట్టుకుని ఉంది. ఇక ఉండలేకపోయింది. ఆమెను నేను తప్పుపట్టను. మొగుడి అబద్ధానికి కూలి పిల్లలు చెల్లించాలని ఏ తల్లి అనుకుంటుంది?

మర్నాడు తెల్లవారుజామున ఐసుబండి రొయ్యల షెడ్డు ముందుకు వచ్చేసరికి తాయారు తలెత్తి చూసింది. మాట్లాడలేదు. దేవదానం బండి ఆపేశాడు. ఆమె మళ్ళీ తల దించుకుంది, చేతులు మాత్రం కదలడం లేదు. పక్కనామె మోచేత్తో పొడిచినా కదలలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి దేవదానం ఆమెను చూసి భయపడ్డాడు.

ఇంటికి వెళ్ళగానే జయమణి తనే చెప్పింది. "నిన్న ఎల్లి సెప్పీసినాను. ఉన్నదున్నట్టు సెప్పీసినాను. నన్ను కొడతారో సంపుతారో మీ ఇష్టం." ఆయన కొట్టలేదు. అన్నం ముట్టలేదు.

ఆ తర్వాత తాయారు పనికి రావడం మానేసింది. ఇంట్లో పడుకునే ఉంటోందనీ, గంజి కూడా పుచ్చుకోవడం లేదనీ, పిల్లే వండుకుని బడికి వెళ్తోందనీ రొయ్యల షెడ్డులో వాళ్ళు చెప్పుకున్నారు. దేవదానం ఐసుబండి దారిలోనే వదిలేసి వాళ్ళింటికి నడిచాడు. అర్జునరావు పోయాక ఆ గుమ్మం ఆయన తొక్కలేదు. తాయారు చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆయన లోపలికి వెళ్ళలేక గుమ్మంలోనే కూర్చున్నాడు.

"లెగమ్మా తాయారూ. మా ఆడది కోపంలో ఏదో వాగీసింది. నువ్వు నమ్మకు. తప్పు నాదేనని ఆ రోజే సెప్పినాను గదా."

ఆమె ఇటు తిరిగింది. మొహం వాచి ఉంది.

"అన్నయ్యా, ఆ కప్పుకి సొట్ట లేదు. నా సేత్తోనే తోమినాను గదా, నాకు తెలీదేటి? నువ్వు అబద్దమాడతన్నావని ఆ రోజే తెలిసినాది."

దేవదానం గుమ్మం చెక్క పట్టుకున్నాడు.

"నువ్వు తిట్టనిచ్చినావు, నాను తిట్టినాను. పొద్దున్నే లెగిసి నిన్ను తిట్టుకుంటే ఆ రోజు గడిసిపోయేది. రొయ్యలు ఒలుసుకుని, నా పిల్లకింత ఉడకేసి పెట్టుకునీదాన్ని. ఎవులూ నోటితో అననంతకాలం అది నీ తప్పే. ఇప్పుడు వదినొచ్చి అనీసింది. ఇంక నిన్ను ఎలగ తిట్టీదన్నయ్యా?"

"తిట్టమ్మా," అన్నాడు దేవదానం. "నాను కూకుంటాను. తిట్టు."

తాయారు లేచి కూర్చుంది. ఆయన మొహంలోకి చూసింది. నోరు తెరిచింది. పెదవులు కదిలాయి గానీ ఏ మాటా రాలేదు. కాసేపటికి మళ్ళీ చాప మీద ఒరిగి గోడవైపు తిరిగిపోయింది.

దేవదానం ఎండ గుమ్మంలోకి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు. ఆమె తిట్టలేదు.